నాలుగో దొప్ప

సుక్కి పోయిందని చెప్పడానికి ఆమె మనవడు చింతలనార్ వైపు నుంచి మొన్న దంతెవాడ వచ్చాడు. జీపు దిగి బస్సెక్కి, బస్సు దిగి నలుగురినీ అడుక్కుంటూ మా ఇల్లు పట్టుకున్నాడు. కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, సంగతి విన్నాను. వినగానే నేను ఏడవాల్సింది. నాకు నవ్వొచ్చింది. అదీ కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగని నవ్వు. ఆ అబ్బాయి బిత్తరపోయి మా కోడలి వైపు చూశాడు. అత్తయ్యకు మతి చలించిందనుకుని ఆమె గ్లాసుడు మజ్జిగ పట్టుకొచ్చింది. చావు కబురు తెచ్చినవాడి ఎదుట అలా నవ్వడం మర్యాద కాదని నాకు తెలియదా? కానీ సుక్కి పేరు వింటే నాకు ముందు చింతగింజలు గుర్తొస్తాయి, ఆ వెనకే పొడుగు అంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని వాగు దాటుతున్న తెల్ల ఫాదరు గుర్తొస్తాడు. ఇంక నా చేతుల్లో ఏముంది? మీ అవ్వా నేనూ కలిసి ఒక ఎన్నికలో పోటీకి దిగాం నాయనా, చచ్చినవాళ్ళ చేతిలో చిత్తుగా ఓడిపోయాం అని మొదలుపెట్టి అంతా చెప్పాక అతనూ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఇదంతా రాసిపెట్టమన్నాడు. అందుకే కూర్చున్నాను.

అప్పుడు మాది బస్తరు రాజ్యం. మా తాత గోదావరి అవతల నుంచి బండి కట్టుకొచ్చి ఉసూరుకు దిగువన అడవి కొట్టుకుని వరి పండించాడట. మా ఊళ్ళో సగం తెలుగువాళ్ళం, సగం ఆ అడవిలోనే పుట్టి పెరిగిన దొర్లవాళ్ళు, పటేలుగారు మాత్రం తాను సగం రాజుగారినని అనుకునేవారు. ఫాదరుగారి బడి ఊరి చివర, మట్టి గోడలు, గడ్డి కప్పు. బడీ అదే, గుడీ అదే. పీఠానికి అడ్డంగా ఒక నీలం తెర వేలాడేది. ఆదివారం తెర తీస్తే గుడి, సోమవారం తెర వేస్తే బడి. తెరకు అవతల దేవుడు, ఇవతల ఎక్కాలు. ఎక్కం తప్పు చెప్పిన ప్రతిసారీ మేం భయంభయంగా తెర వైపే చూసేవాళ్ళం, పంతులుగారి బెత్తం వైపు కాదు. మేకలకు ఆ తేడా కూడా లేదు. అవి ఏ రోజైనా ఏ వైపైనా తిరిగేవి.

ఇంట్లో మా నాయనమ్మ రాజ్యం. జ్ఞానస్నానంలో ఆమెకు మరియమ్మ అని పేరు పెట్టారు, ఊళ్ళో ఎవరూ అలా పిలవలేదు, పిలిస్తే ఆమె పలికేదీ కాదు. జపమాలను చేట తగిలించే కొయ్యకే తగిలించేది. తెల్లారగానే పొయ్యి కింద బూడిద ఎత్తి, అంబలి కుండ దించి, ఎండిన ఇప్పపువ్వు బుట్ట మూత తీసేది. ఆ తియ్యటి మత్తు వాసన ఇల్లంతా పరుచుకునేది. ఆ వాసనకే మా నాన్న నిద్ర లేచేవాడని అమ్మ దెప్పేది. అన్నం వార్చాక అందరికీ ఆకులు వేసేముందు మూలన ఒక చిన్న ఆకు వేసి, పిడికెడు మెతుకులు పెట్టేది. అది పెద్దల ఆకు, ఇంట్లోంచి పోయినవాళ్ళది. ఆ ఆకు పడందే మాకు ఆకు లేదు. ఇది కతోలికుల పద్ధతి కాదని ఒకసారి పంతులుగారు సుతారంగా చెప్పబోయారు. "మరియమ్మ తల్లి అత్తగారింట్ల పెద్దోళ్ళకు పెట్టకుండనే తిన్నదా ఏంది?" అని నాయనమ్మ అడిగింది. దేవుని గురించి ప్రశ్నలూ జవాబులూ ఉండే సత్యోపదేశం పుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. పంతులుగారు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ పంతులుగారి పేరు జోజయ్య. భద్రాచలం వైపు మనిషి, గొంతు గట్టిది, మనసు మెత్తనిది. పొద్దున సత్యోపదేశం, మధ్యాహ్నం లెక్కలు, ఎండ వాలాక పౌర ధర్మాలు. పౌర ధర్మాలంటే పెరట్లో ఇసుక పోసి బస్తరు రాజ్యం గీయడం. ఇంద్రావతి ఇక్కడ, జగదల్‌పూర్ ఇక్కడ, దంతేశ్వరి అమ్మవారి గుడి ఇక్కడ, మన ఊరు ఇదిగో ఈ చీమ పాకుతున్న చోట అని చూపించేవారు. తర్వాత నిచ్చెన వల్లించాలి. పట్వారీ మీద తహసీల్దారు, తహసీల్దారు మీద దివాను, దివాను మీద రాజావారు. పొద్దుటి పాఠమూ సాయంత్రం పాఠమూ ఒకే రాగంలో వల్లించడం వల్ల అవి మా బుర్రల్లో కలిసిపోయాయి. జగదల్‌పూర్ నుంచి ఒక పెద్దమనిషి బడి చూడటానికి వచ్చి, నిన్ను సృష్టించినవారెవరని పటేలుగారి అబ్బాయి భీమయ్యను అడిగితే వాడు చేతులు కట్టుకుని, పట్వారీగారండి అన్నాడు. ఆ పెద్దమనిషి ఆలోచించి, మీ ఊళ్ళో అంతేనేమో అన్నాడు.

పోయినవాళ్ళను తలుచుకోవడం కూడా బడిలో ఒక పాఠమే. పెద్ద యుద్ధంలో చచ్చిపోయిన సిపాయిల కోసం ఏడాదికొకసారి ఎండలో మౌనంగా నిలబెట్టేవారు. మాకు అది బొత్తిగా అర్థమయ్యేది కాదు. మా ఊళ్ళో ఎవరైనా పోతే డోలు కొడతారు, పాడతారు, పేరు పెట్టి పిలిచి తిడతారు కూడా. మాట్లాడకుండా ఉండేది అలిగినప్పుడే. ఆ నిశ్శబ్దంలో సుక్కి నా చెవి దగ్గరకొచ్చి ఆ సిపాయిల మీద మనకు ఎందుకు కోపమని గుసగుసగా అడిగింది. నాకు నవ్వాగలేదు, నా వెనకవాడికీ ఆగలేదు, చివరికి వరస వరసంతా వంగిపోయింది. యుద్ధంలో పోయినవాళ్ళు పైనుంచి చూసి ఉంటే సంతోషించే ఉంటారు.

సుక్కి దొర్లవాళ్ళ పిల్ల. వాళ్ళ గుడిసె వాగు అవతల. రోజూ వాగు దాటి, తడిసిన బట్ట పిండుకుంటూ బడికి వచ్చేది. మాతో తెలుగు, ఇంట్లో దొర్లి, సంతలో హల్బీ, మేకలతో మాత్రం తిట్లు. ఆ యేడు వానల్లో వాళ్ళమ్మ ముత్తి జ్వరంతో చనిపోయింది. జ్ఞానస్నానం పొందిన మనిషి కాదు కాబట్టి ఫాదరుగారి కంచె లోపల, సిలువల మధ్య చోటు లేదు. వాళ్ళవాళ్ళు వాళ్ళ పద్ధతిలో వాగు అవతల ఇప్పచెట్ల దగ్గర రాయి నిలబెట్టారు. సుక్కికి అందులో కష్టమేమీ కనిపించలేదు. కష్టమల్లా సమాధుల పండుగ దగ్గర పడ్డాకే మొదలైంది. ఆ రోజు సాయంత్రం బడి పిల్లలమంతా దీపం ముందు పెట్టుకుని వరసగా సమాధుల దొడ్డికి వెళ్ళాలి, ప్రతి సిలువ దగ్గరా ఒక దివ్వె పెట్టాలి. పోయినవాళ్ళంతా ఆ రోజు దీపాల కోసం చూస్తారని పంతులుగారు చెప్పారు. సుక్కి ఆ మాట పట్టుకుంది. "అందరి కాడ దీపం బెడితే మా అమ్మ వాగు అవతల నుంచి సూస్తది గద. నా కాడికెవ్వలు రాలేదని అనుకోదా?" అంది నాతో. ఫాదరుగారిని అడిగింది కూడా. ఆయన ఆమె తల నిమిరి, మీ అమ్మ కోసం నేను మనసులో జపం చేస్తానమ్మా అన్నారు. మనసులో చేస్తే అమ్మకు ఎట్లా కనిపిస్తుందని సుక్కి బాధ.

దానికి దారి నేనే చెప్పాను. పెద్ద దీపం పట్టుకున్నవాళ్ళు ముందు నడుస్తారు, వాళ్ళ వెనకే ఫాదరుగారితో సహా అందరూ నడవాలి, వరస తప్పితే పంతులుగారు ఊరుకోరు. కాబట్టి దీపం నీ చేతిలో ఉంటే నువ్వెటు పోతే బడంతా అటే. సుక్కి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఆ తర్వాత నన్నెవరూ అంత తెలివైనదానిలా చూడలేదు, మా ఆయనతో సహా.

ప్రతి యేడూ ఆ దీపం పటేలుగారి ఇంటికే పోయేది. ఈసారి ఫాదరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన తెలుగు సగం జపాల పుస్తకంలో నేర్చుకున్నది, సగం మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది, అందుకని ఎప్పుడు ఏ తెలుగు వస్తుందో చెప్పలేం. మా దేశంలో మనుషులు తమ పెద్దను తామే ఎన్నుకుంటారు, మీకూ ముందు ముందు పనికొస్తుంది, దీపం ఎవరు పట్టాలో మీరే ఎన్నుకోండి అన్నారు. రాజ్యంలో అప్పటికి మాకు తెలిసి ఎవరూ దేన్నీ ఎన్నుకోలేదు. పట్వారీని ఎన్నుకోవచ్చా అని భీమయ్య ఆశగా అడిగాడు. పంతులుగారు వాడిని కూర్చోబెట్టేశారు. పోటీకి భీమయ్య, పంతులుగారి కూతురు ఫిలోమిన, సుక్కి నిలబడ్డారు. పిల్లలకు తలా ఒక చింతగింజ ఇస్తారు. తమకు కావలసినవారి ముందున్న దొప్పలో వేయాలి.

ఆ వారం మేం బతికినంత దర్జాగా ఎవరూ బతికి ఉండరు. సుక్కి, నేను ఉసిరికాయలు ఏరుకొచ్చి పంచాం. భీమయ్య బెల్లం ముక్కలు పంచాడు. ఫిలోమిన పాపం ఏమీ లేక దేవదూతల బొమ్మలు చూపించి, ముట్టుకోనిచ్చింది. పిల్లలు ఉసిరికాయ తిని, బెల్లం చప్పరించి, దేవదూతను ముట్టుకుని ముగ్గురికీ ఒకేలా మాటిచ్చారు. అందరూ మనవైపే అని నేను సుక్కితో చెప్పాను. భీమయ్య తమ్ముడు భీమయ్యతో అదే చెప్పాడట.

సమాధుల పండుగ రోజున ఇళ్ళలోంచి ఆడవాళ్ళు దివ్వెలు, గారెలు పట్టుకుని బడికి వచ్చారు. దొప్పలు కుట్టే పని నాది, ఎందుకంటే నాయనమ్మ పెంపకంలో ఆకు పని నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. ముగ్గురు పోటీదారులు బడి ముందున్న చింతచెట్టు కింద వరసగా చాప మీద కూర్చున్నారు. నేను ముగ్గురి ముందూ మూడు దొప్పలు పెట్టి, నాలుగోది చివరన ఖాళీగా పెట్టాను. అది పొరపాటని పంతులుగారు అన్నారు, నేను ఇప్పటికీ ఒప్పుకోను. నలుగురికి ఆకు వేసే చోట పెద్దలకు ఒక ఆకు వేయకుండా ఎలా ఉంటాం? అందులోనూ వాళ్ళ పండుగ రోజున.

పిల్లలు ఒక్కొక్కరే లేచారు. మొదట లేచినవాడు తన చింతగింజ సుక్కి దొప్పలో వేశాడు. నా గుండె పొంగింది. అక్కడితో ఆగకుండా వాడు వంగి, చింతచెట్టు కింద నేల మీద పడున్న గింజలు ఏరి భీమయ్య దొప్పలో ఒకటి, ఫిలోమిన దొప్పలో ఒకటి, నాలుగో దొప్పలో ఒకటి వేసి వెళ్ళి కూర్చున్నాడు. రెండోవాడూ అంతే. ఆ తర్వాతి పిల్లా అంతే. మరి బంతిలో వడ్డించేటప్పుడు ఒక విస్తట్లో వేసి పక్క విస్తరి దాటిపోతే ఆ కూర్చున్నవాడికి ఎంత అవమానం? అందులోనూ అందరి ఉసిరికాయలూ బెల్లమూ తిన్నారాయె. చివరికి నాలుగు దొప్పలూ సమానంగా నిండాయి. ఫాదరుగారు వాటిని చూసి, నుదురు రుద్దుకుని, మళ్ళీ వాటిని చూశారు.

ఆయన ఓపికగా మళ్ళీ చెప్పారు. నేల మీద గింజలు ఏరకూడదు, ఒకరు ఒకే దొప్పలో ఒకే గింజ వేయాలి. పంతులుగారు చెట్టు కింద చీపురుతో ఊడిపించారు. పిల్లలు ఒక్క గింజ పట్టుకుని నిలబడి దిక్కుతోచక చూశారు. సుక్కికి వేస్తే భీమయ్య చూస్తున్నాడు, భీమయ్యకు వేస్తే ఫిలోమిన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ముందున్న పిల్ల చాలాసేపు అటూ ఇటూ ఊగి, వెనక ఎవరూ కూర్చోని దొప్ప చూసుకుని, గింజ అందులో వేసి గబగబా వచ్చేసింది. దాని మొహం తేటపడింది. ఆ తోవ దొరికాక ఇంకెవరూ ఆలోచించలేదు. టప్ టప్‌మని గింజలన్నీ నాలుగో దొప్పలోనే. నా వంతు వచ్చింది. ఉసిరికాయలు నా చేత్తో పంచినదాన్ని, సుక్కికి కాక ఎవరికి వేస్తాను? ఆమె ఎదురుగా వంగాను. సుక్కి కళ్ళతోనే నాలుగో దొప్ప వైపు సైగ చేసింది. ఆమె మొహంలో ఓటమి లేదు. వాళ్ళమ్మ ఆకు అది. నేనూ అందులోనే వేశాను. చివర పోటీదారులు ముగ్గురూ లేచి తమ గింజలు కూడా అందులోనే వేశారు, భీమయ్య అయితే రెండు చేతులతో, ప్రసాదం వేసినట్టు వేశాడు.

తర్వాత ఫాదరుగారు మెట్టు మీద కూర్చుండిపోయి, గడ్డం అదిరేలా నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వుతుంటే మేం నవ్వాం, మా వెనక గారెల గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు నవ్వారు. పంతులుగారొక్కరే దొప్పను చూస్తూ ఇప్పుడేం చేయాలండీ, చచ్చినవాళ్ళు గెలిచారు అన్నారు. ఆయన గొంతులో నిజంగా దిగులుంది. ఫాదరుగారు కళ్ళు తుడుచుకుని మా నాయనమ్మ వైపు తిరిగి, మీ ఇళ్ళల్లో పోయినవారి ఆకు చివరికి ఎవరు ఎత్తుతారమ్మా అని అడిగారు. "ఏ ఇంట్ల దుఃఖం పచ్చిగున్నదో ఆ ఇంటి పిల్లనే ఎత్తాలె సామీ," అంది నాయనమ్మ, అది కూడా తెలియదా అన్నట్టు. ఆ యేడు మా బడిలో దుఃఖం పచ్చిగా ఉన్నది ఒక్క ఇంట్లోనే. అందరి తలలూ ఒకవైపే తిరిగాయి. సుక్కి లేచి, నాలుగో దొప్పను ఎత్తి నాయనమ్మ చేతికిచ్చి, పెద్ద దీపం అందుకుంది.

ఎండ ఇంకా పూర్తిగా వాలలేదు, దీపం వెలుతురు ఎవరికీ కనిపించడం లేదు. అయినా దానికి గాలి తగలకుండా అరచేయి అడ్డం పెట్టి ఆమె నడిచిన తీరు చూడాలి. కుడివైపు తోవ సమాధుల దొడ్డికి, ఎడమవైపు తోవ వాగుకు. సుక్కి ఎడమకు తిరిగింది. పంతులుగారు వెనక నుంచి, సుక్కీ, అటు కాదు అన్నారు. ఆమె ఆగలేదు. వరస ఆగింది, ఫాదరుగారు ఆగారు, నా కాళ్ళు ఆగిపోయాయి. అప్పుడు ఫాదరుగారు అన్న మాట మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో వచ్చింది. "గెలిసినోళ్ళు తొవ్వ సూపిస్తున్నరు పంతులూ. నడువ్." అని అంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని సుక్కి వెనకాల అందరికంటే ముందు ఆయనే వాగులో దిగారు. తెల్లటి కాళ్ళు, బురద నీళ్ళు, వెనకాల గారెల గంపలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, తడిసిన బట్టలతో కేరింతలు కొడుతున్న మేము. జాతరకు వెళుతున్నట్టే ఉంది తప్ప చచ్చినవాళ్ళను చూడటానికి వెళుతున్నట్టు లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఇప్పుడు దంతెవాడలో ఎన్నికలొస్తే జీపులొస్తాయి, మైకులొస్తాయి, మా కోడలు నన్ను చేయి పట్టుకుని తీసుకెళుతుంది. వేలికి సిరా పూస్తారు. తెర చాటుకు వెళ్ళి ఒక్కరికి వేసి, మిగిలినవాళ్ళ మొహం చూడనక్కర్లేకుండా వచ్చేస్తాను. అది మంచిదే, అలాగే ఉండాలి, నేను వెనక్కి వెళదామనే మనిషిని కాదు. రాజావారి కాలంలో మాకు వెట్టి ఉండేది, ఆకలి ఉండేది, జ్వరమొస్తే ఆకు పసరు తప్ప మందు ఉండేది కాదు. ముత్తి అలాగే పోయింది. కానీ తెర చాటున నిలబడ్డ ప్రతిసారీ పక్కవాడి దొప్ప ఖాళీగా ఉండిపోతుందేమోనని నాలో ఒక చిన్నపిల్ల తబ్బిబ్బవుతూనే ఉంటుంది. ఆ బడి ఇప్పుడు లేదు, గోడ ఆనవాలు కూడా లేదట, సుక్కి మనవడు చెప్పాడు. రాయి మాత్రం ఉందట.

ఆ రాయి దగ్గరకు మేం చేరేసరికి ఎండ చెట్ల పైకి ఎక్కింది. మా నడుముల దాకా వచ్చే పల్చటి బండ. సుక్కి దీపం దాని మొదట్లో పెట్టింది. అందరం చుట్టూ మూగాం, నవ్వులు తగ్గాయి. ఫాదరుగారు నల్లట్ట పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, అందులో ఈ మనిషి కోసం రాసింది ఏమీ లేకపోయి ఉంటుంది, మూసేశారు. మీ అమ్మ పేరు చెప్పమ్మా అన్నారు సుక్కితో. సమాధుల దొడ్డిలో అయితే పంతులుగారు పేరు చదువుతారు, మేము వారికి నిత్య విశ్రాంతి దయచేయండి స్వామీ అనాలి. అది మాకు వచ్చు. కానీ ముందురోజు సకల పునీతుల పండుగ, అంటే దేవుని దగ్గరికి చేరిన మహానుభావులందరి పండుగ. గుడిలో గంటసేపు పునీతుల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తుంటే మేం ఒకే జవాబు చెప్పీ చెప్పీ ఉన్నాం. సుక్కి గొంతెత్తి, రాగం తీసి, అమ్మను పిలిచినట్టే పిలిచింది, ముత్తమ్మా అని. నోళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. బడి మొత్తం ఒక్క గొంతుతో, పునీతులకు చెప్పే జవాబే, మా కొరకు వేడుకొనండి అనేసింది.

పంతులుగారు అదిరిపడి తప్పు దిద్దడానికి వేలెత్తారు. ఫాదరుగారు ఆ వేలిని మెల్లగా పట్టుకుని కిందికి దించారు. దించి, టోపీ తీసి, ముత్తమ్మా, మా కొరకు వేడుకొనండి అని తనే మళ్ళీ అన్నారు. ఈసారి నాయనమ్మ కూడా అంది. నాకు ఎందుకో తెలియని సంతోషంతో గెంతాలనిపించింది, పక్కనున్న ఫిలోమిన చేయి పట్టుకుని నిజంగానే గెంతాను కూడా.

సుక్కి మాత్రం కంగారుపడింది. "మా అమ్మకు తెలుగు రాదు గద," అంది. మేం మళ్ళీ ఫక్కుమన్నాం, ఆమె పట్టించుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, రాయికి మొహం ఆనించి, దొర్లిలో అంతా అర్థం చెప్పడం మొదలుపెట్టింది. నాకు దొర్లి అప్పటికే వచ్చు. అమ్మా, వీళ్ళందరూ దేవుని దగ్గర తమ మాట నిన్ను చెప్పమంటున్నారు, గడ్డపు సామి కూడా అడుగుతున్నాడు, ఎవర్నీ విడిచిపెట్టకుండా అందరి మాటా చెప్పు అంది. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, చెప్పినాక ఇంటికి వచ్చెయ్ అంది.